మూడు వేళ్ళ బ్యాటు

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున్న మా అమ్మాయికి ఒంట్లో బాగోకపోతే, మనవరాల్ని నేనే ఆటోలో రాజమండ్రి కోచింగ్ గ్రౌండుకి తీసుకెళ్ళాను. పిల్లకి పదకొండేళ్ళు. దానికంటే దాని సంచీయే పెద్దది. నెట్టు పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసి నన్ను కూర్చోమన్నారు. కాసేపటికి కోచ్ వచ్చి పిల్ల చేతిలోని బ్యాటు తీసుకుని ఇంకొకటి ఇచ్చాడు. సన్నగా, పొడుగ్గా, ఎవరో రెండు పక్కలా కోసేసినట్టుంది.

“ఇదేంటండీ?” అన్నాను.

“ప్రాక్టీసు బ్యాటండి. దీని మధ్యలో తగిలించడం అలవాటైతే, మామూలు బ్యాటు చేతికిచ్చినప్పుడు తలుపంత కనిపిస్తుందండి. ఇప్పుడు షాపుల్లో తయారుగా దొరుకుతున్నాయి.”

నేను మళ్ళీ ఆ కుర్చీలో కూర్చోలేకపోయాను. గ్రౌండు చుట్టూ రెండుసార్లు తిరిగాను. అరవై దాటిన మోకాళ్ళు నొప్పెడుతున్నా కాళ్ళు ఆగలేదు. ఆ రోజు నుంచి ఏ పని మొదలుపెట్టినా మధ్యలో వదిలేస్తున్నాను. రెండుసార్లు పాలు పొంగబెట్టాను. ఇదంతా రాసేస్తే గాని కుదురు చిక్కేలా లేదు.

గోదావరి ఇక సముద్రంలో కలుస్తుందనగా ఉండే ఊరు మాది. రేవులో జనాన్ని ఏరు దాటించే పంటు బయల్దేరేటప్పుడు ఇంజను చప్పుడు మా దొడ్లోకి వినిపించేది. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఏ అరుగు మీద చూసినా ఆడవాళ్ళు లేసు అల్లుతూ కూర్చునేవారు. మా నానమ్మ ఒడిలో కూడా ఎప్పుడూ దారపుండ ఉండేది. నాకూ నేర్పాలని ఆవిడ తాపత్రయం. నేను నాలుగు కుట్లు వేసి, ఐదోది సూదికి ఎక్కించకుండానే లేచిపోయేదాన్ని.

“నీ కాళ్ళకి చక్రాలు కట్టి కన్నదే మీ అమ్మ,” అనేది నానమ్మ.

ఆ ఇంట్లో నాలాగే కుదురు లేనివాడు ఇంకొకడుండేవాడు. మా బాబాయి. నాన్నకీ ఆయనకీ పదిహేనేళ్ళ తేడా. తాతయ్య పోయాక బాబాయిని నాన్నే పెంచారు. డిగ్రీ అయి రెండేళ్ళయినా ఉద్యోగం రాలేదు. చేతిలో బ్యాటు లేకపోయినా ఉన్నట్టే ఊపుకుంటూ వీధిలో నడిచేవాడు. చుట్టుపక్కల ఊళ్ళలో ఆయన కొట్టినంత అందంగా ఎవరూ కొట్టేవారు కాదని చెప్పుకునేవారు. కానీ ముప్పై పరుగులు దాటేవాడు కాదు. ప్రతిసారీ ఒకటే కథ. బంతి బ్యాటు అంచుకి రాసుకుని వెనకాల వికెట్ కీపర్ చేతిలో పడేది.

నాకు పదకొండేళ్ళున్నప్పటి మాట. ఆ ఎండాకాలం చివర జిల్లా జట్టుకి సెలక్షన్లు ఉన్నాయి. జట్టులో చోటు దొరికితే ఆటగాళ్ళ కోటాలో ఉద్యోగానికి దారి దొరుకుతుందని బాబాయి ఆశ. నాన్న హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఏ మాటైనా ఒక్కసారే చెప్పేవారు. ఒకరోజు భోజనాల దగ్గర చెప్పారు.

“ఇదే ఆఖరి ఎండాకాలం రా. సెలక్షన్ వస్తే సరే. రాకపోతే రావులపాలెం వెళ్ళు. మావయ్యకి అరటిగెలల కొట్లో మనిషి కావాలిట.”

బాబాయి తలెత్తలేదు. “అలాగేనండి అన్నయ్యా,” అన్నాడు. పైకి నెమ్మదిగానే మజ్జిగన్నం కలుపుకుంటున్నాడు. కింద మాత్రం మోకాలు ఊగుతూనే ఉంది. పక్కన కూర్చున్నదాన్ని కాబట్టి నాకు తెలిసింది.

మర్నాడు బాబాయి రిటైరైన డ్రిల్లు మాస్టారి దగ్గరికి వెళ్ళొచ్చాడు. ఆయన చెప్పిన మాట ఇంటికొచ్చి నాకు ఒప్పజెప్పాడు. నీ చేతులు మంచివే, నీ కళ్ళే బద్ధకస్తులు, బ్యాటు వెడల్పుగా ఉందన్న ధీమాతో బంతిని చివరిదాకా చూడటం లేదు, దాన్ని సగానికి కోసి ఆడు, అన్నారట. ఉన్న ఒక్క మంచి బ్యాటునీ ఎలా కోస్తాం? అందుకని ఇద్దరం కాలవ గట్టున పడవలు కట్టే చోటికి వెళ్ళాం.

ఆ చోటు వాసన నాకిప్పటికీ ముక్కుకి తగులుతుంది. కాగుతున్న తారు, ఎండిన చేపలు, పచ్చి చెక్క చెక్కితే వచ్చే తీపి వాసన, అన్నీ ఒకదానిలో ఒకటి కలిసి ఉండేవి. పడవల మేస్త్రి విరిగిన తెడ్డొకటి తీసి, బాబాయి చెప్పినట్టల్లా చిత్రిక పట్టాడు.

“చాలాండి?”

“ఇంకా తియ్యి.”

“ఇంక తీస్తే పుల్ల మిగులుద్దండి బాబూ. దీంతో ఏం కొడతారు, దోమలనా?”

బాబాయి తన మూడు వేళ్ళు దగ్గరగా పెట్టి చెక్క మీద ఆనించాడు. సరిగ్గా సరిపోయాయి. అప్పుడు ఆపమన్నాడు.

స్నేహితులు రెండ్రోజులు వచ్చి బంతులు వేశారు. ఆ తెడ్డుని చూసి నవ్వుకోవడంతోనే వాళ్ళకి సరిపోయింది. మూడోరోజు ఎవరూ రాలేదు. దొడ్లో కిరసనాయిలు డబ్బా వికెట్టుగా నిలబెట్టి, బాబాయి ఒక్కడే నిలబడ్డాడు. నేను జామకాయ తింటూ నీళ్ళ గాబు అంచు మీద కూర్చుని చూస్తున్నాను.

“అమ్మడూ, నువ్వు వేస్తావేంటి?”

అంతే. ఆ ఎండాకాలం నా చేతిలోంచి రబ్బరు బంతి దిగలేదు. మొదట్లో నేను వేసిన బంతి సగం దారిలోనే దొర్లిపోయేది. తరవాత్తరవాత భుజం తిరిగింది. నానమ్మ పేడతో అలికిన నేల ఎక్కడ గట్టిగా ఉందో, ఎక్కడ పొరలేచిందో నా వేళ్ళకే తెలిసిపోయింది. పొర లేచినచోట వేస్తే బంతి లేవకుండా నేలబారుగా జారిపోయేది. బాబాయి తెడ్డు గాలిలో ఊగేది. డబ్బా ధన్‌మని మోగేది. లోపల్నుంచి నానమ్మ, “ఒసేయ్, నా గుండె ఆగిపోతుందే ఆ మోతకి!” అని అరిచేది.

మేమిద్దరం చప్పుళ్ళతోనే లెక్క చూసుకునేవాళ్ళం. మధ్యలో తగిలితే టక్. అంచుకి తగిలితే చిటుక్. మొదటి వారం ఇరవై బంతులకి నాలుగు టక్‌లు. అలా ఆడి ఆడి ఎండ నెత్తికెక్కాక, బాబాయి తాటిముంజలు తెచ్చి బొటనవేలితో పొడిచి నా నోట్లో పెట్టేవాడు. అవి తింటూ కూడా కుదురుగా ఉండేవాడు కాదు. “లే, లే, ఇంకో ఇరవై,” అనేవాడు.

సెలక్షన్లు ఇంకా మూడు వారాలున్నాయనగా మా ఇంట్లో ఆవకాయ పెట్టారు. దొడ్లో చాప మీద తుడిచిన మామిడికాయ ముక్కలు, పక్కన పెద్ద బేసిన్లో కలిపిన ఆవపిండీ కారం ఉప్పూ. అమ్మా నానమ్మా నూనె తేవడానికి లోపలికెళ్ళారు. అటు ఆడొద్దని మాకు ముందే చెప్పారు. మేము ఆడుతూనే ఉన్నాం. బాబాయి కొట్టిన బంతి గాబు అంచుకి తగిలి, ఎగిరి, వెళ్ళి బేసిన్లో పడింది.

నేను పరిగెత్తి తీశాను. పిండి మీద పడ్డ గుంటని చేత్తో చదును చేశాను. బంతిని గాబులో ముంచి కడగాలి. కడగలేదు. గుప్పుమని ఆవఘాటు కొడుతున్న ఎర్రటి బంతిని చూస్తే నవ్వొచ్చింది. దీన్నిలాగే వేస్తే బాబాయి ఎలా అదిరిపడతాడో చూద్దామనిపించింది. అంతకంటే ముందుకి నా బుర్ర వెళ్ళలేదు. వేశాను.

ఆ బంతినే ఆయన అన్నిటికంటే బాగా ఆడాడు. వంగి, ముక్కు దాని మీదికి తెచ్చి, సరిగ్గా మధ్యలో టక్‌మనిపించాడు. కారం పొగలా లేచి రెండు కళ్ళలోనూ పడింది.

కళ్ళ డాక్టరు మందు వేసి కట్టు కట్టాడు. నాలుగు రోజులు విప్పకూడదన్నాడు. ఎలా జరిగిందని నాన్న అడిగారు. నేను తలుపు వెనక నిలబడి ఉన్నాను.

“కారం చేత్తో కళ్ళు నులుముకున్నానండి అన్నయ్యా,” అన్నాడు బాబాయి.

ఆ నాలుగు రోజులూ ఎలా గడిచాయో చెప్పలేను. బాబాయి పెరటి వసారాలో నులక మంచం మీద కళ్ళకి గంతలతో కూర్చునేవాడు. కాళ్ళు మాత్రం ఆడిస్తూనే ఉండేవాడు. నేను మంచినీళ్ళు ఇచ్చేదాన్ని, అరటిపండు ఒలిచి ఇచ్చేదాన్ని, ఎదురుగా కూర్చునేదాన్ని, లేచేదాన్ని. క్షమించమని అడగాలని నోటిదాకా వచ్చేది. వచ్చినప్పుడల్లా దొడ్లోకి పారిపోయేదాన్ని. అలా పారిపోయినప్పుడు ఒకసారి మూలనున్న తెడ్డు చేతికి తగిలింది. బంతిని పశువుల పాక గోడకేసి కొట్టి, తిరిగొస్తుంటే తెడ్డుతో అడ్డాను. మళ్ళీ కొట్టాను. అలా ఎంతసేపు ఆడానో.

“ఎవరది?” వసారాలోంచి బాబాయి గొంతు.

భయపడి ఆగిపోయాను.

“ఎవరా ఆడుతున్నది?”

“నేనే బాబాయ్.”

“గోడకి ఇంకా దగ్గరగా జరిగి ఆడు,” అన్నాడు.

జరిగాను. బంతి ఇప్పుడు వేగంగా వస్తోంది. టక్. టక్. చిటుక్. టక్. బాబాయి మంచం మీద నిటారుగా అయ్యాడు. కాళ్ళు ఆడించడం మానేశాడు. పెదాలు కదులుతున్నాయి. లెక్క పెడుతున్నాడు.

“ఇరవైకి పదహారు,” అన్నాడు చివరికి. “నీకు వెడల్పు బ్యాటుతో ఎప్పుడైనా ఎవరైనా ఆడనిచ్చారా?”

“లేదు బాబాయ్.”

“అదీ సంగతి. నీ కళ్ళకి బద్ధకం అంటే ఏంటో తెలీదు.”

అప్పుడు చెప్పేశాను, బంతి కావాలనే కడగలేదని. గంతలున్న మొహం నా వైపు తిప్పి, “తెలుసు. బంతి దగ్గరికి వస్తుండగానే వాసనొచ్చింది. అయినా వదలబుద్ధి కాలేదు,” అన్నాడు.

గంతలు విప్పాక మేమిద్దరం వంతులు వేసుకున్నాం. ఆయనకి ఇరవై, నాకు ఇరవై. మొదట్లో నాకు నెమ్మదిగా వేసేవాడు. నేను ఆడుతుంటే ముచ్చటపడి, “అద్గదీ!” అనేవాడు. రోజులు దగ్గరపడుతున్నకొద్దీ ఆ మాట తగ్గింది. ఆయనకి ఇరవైలో పదకొండు, పన్నెండు దగ్గరే ఆగిపోయింది. నాకు పదిహేడు, పద్దెనిమిది. నాకు గర్వంగా ఉండేది. దాచుకోవడం చేతకాని వయసు. “ఇవాళ కూడా నేనే!” అని దొడ్డంతా గెంతేదాన్ని.

ఇంకో వారం ఉందనగా ఒక పొద్దున్న బాబాయి నాకు వేస్తున్నాడు. ఇరవై అయిపోయాయి. ఆపలేదు. ముప్పై అయ్యాయి. డబ్బా ఒక్కసారీ మోగలేదు. దూరం నుంచి పరిగెత్తుకొచ్చి వెయ్యడం మొదలుపెట్టాడు. ఆయన మొహం చూస్తే నాకు తెలిసిన మొహంలా లేదు. “చాలు బాబాయ్,” అన్నాను. వినిపించుకోలేదు. తరవాతి బంతి కొత్తది, గట్టి కార్కు బంతి. ఎప్పుడు మార్చాడో నేను గమనించలేదు. అది నేల మీద పడి లేచి నా మూతికి తగిలింది.

రక్తం చూసి నానమ్మ పెట్టిన కేకకి వీధి వీధంతా వచ్చింది. కింది పెదవి చీలింది. ముందు పన్ను సగం విరిగింది. అమ్మ నన్ను ఒళ్ళో వేసుకుని పసుపు అద్దింది. బాబాయి దొడ్లో ఎక్కడున్నవాడు అక్కడే నిలబడిపోయాడు.

“ఆడపిల్ల మొహం రా అది! ఆడపిల్ల మొహం!” అని నానమ్మ ఆయన్ని వీపు మీద రెండు చేతులా కొట్టింది. ఆయన కొట్టించుకున్నాడు. నాన్న తెడ్డు తీసుకెళ్ళి పాకలో గడ్డి వెనక్కి విసిరేశారు.

ఆ వారం బాబాయి నాతో మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు. నాకు కోపం లేదు. పెదవి వాచి మాట రాకపోవడం ఒకటి, ఏం మాట్లాడాలో తెలియకపోవడం ఒకటి. ఒకే ఇంట్లో ఒకరికొకరు ఎదురుపడకుండా తిరిగాం. సెలక్షన్ రోజు తెల్లవారకుండానే ఆయన బస్సెక్కాడు. ఆ పగలంతా నేను రేవుకీ ఇంటికీ మధ్య ఎన్నిసార్లు తిరిగానో! పంటు అవతలికి వెళ్ళి, జనాన్ని దించి, మళ్ళీ జనాన్ని ఎక్కించుకుని వచ్చేది. బాబాయి రావలసింది పంటు మీద కాదు, బస్సులో. ఆ సంగతి తెలిసీ తిరిగాను. ఆ రోజు నానమ్మ కూడా నన్ను కూర్చోమనలేదు.

సాయంత్రం వచ్చాడు. కాళ్ళు కడుక్కుని లోపలికొచ్చాడు. ఎవరూ అడగలేదు. అమ్మ కంచం పెట్టింది. తిన్నాడు. నాన్న పేపరు అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నారు.

మర్నాడు పొద్దున్న నేను గాబు దగ్గర మొహం కడుక్కుంటుంటే బాబాయి వచ్చి పక్కన నిలబడ్డాడు.

“నొప్పుందా ఇంకా?”

లేదని తలూపాను.

“నిన్న బాగా ఆడానే అమ్మడూ. నిజంగా. వెడల్పు బ్యాటు చేతిలో ఉంటే ఎంత హాయిగా ఉందో! ఒక్కటి కూడా అంచుకి తగల్లేదు. అన్నీ మధ్యలోనే.” నీళ్ళలో చెయ్యి పెట్టి అటూ ఇటూ ఆడించాడు. “చివరికి ఒక బంతి దూరంగా వెళ్తోంది. దాని మానాన దాన్ని పోనియ్యొచ్చు. అక్కడున్న పెద్దాయన ముందే చెప్పారు, ఏది కొట్టాలో కాదు, ఏది వదలాలో చూస్తామని. ఊరికే నిలబడలేకపోయాను. వెళ్ళి కొట్టాను. గాల్లోకి లేచింది. పట్టేశాడు.”

పాకలోకి వెళ్ళి గడ్డి వెనకాల వెతికి తెడ్డు తెచ్చాడు. దాని మీది దుమ్ము లుంగీకి తుడిచి నా చేతిలో పెట్టాడు. తరవాత వీధి అరుగు వైపు గొంతెత్తి పిలిచాడు.

“అన్నయ్యా, ఒక్కసారి దొడ్లోకి రండి.”

నాన్న వచ్చారు. ఏమిటోనని వెనకాలే నానమ్మ, చేతిలో గరిటెతో అమ్మ. బాబాయి డబ్బా నిలబెట్టాడు.

“ఆరే ఆరు బంతులు. రబ్బరు బంతేనండి. చూడండి.”

“దానికి మళ్ళీ తగిలితే?” అంది నానమ్మ.

“అమ్మా, చూడవే,” అన్నాడు. అలా బతిమాలడం నేనెప్పుడూ వినలేదు.

మొదటి బంతికి నా ఒళ్ళు నా మాట వినలేదు. వెనక్కి తప్పుకున్నాను. డబ్బా మోగింది. “సరే, చాల్లే ఇంక,” అన్నారు నాన్న.

“ఇంకా ఐదున్నాయండి.”

రెండోది వస్తుంటే పెదవి మీద చేతిని అడ్డం పెట్టుకోవాలనిపించింది. పెట్టుకోలేదు. బంతినే చూశాను. టక్. మూడోది, టక్. బాబాయి దూరం నుంచి పరిగెత్తుకొస్తున్నాడు. దయ చూపించడం లేదు. నాలుగోది వేగంగా లేచింది. దాన్ని కిందకి అణిచాను. ఐదోది కొడితే వెళ్ళి పాక గోడకి తగిలి మళ్ళీ నా కాళ్ళ దగ్గరికే వచ్చింది. అమ్మ నోటి వెంట “అబ్బ!” అని వచ్చింది.

ఆరోది దూరంగా వేశాడు. కావాలనే వేశాడని ఇప్పటికీ నా నమ్మకం. చెయ్యి చాస్తే అందుతుంది. చేతులు రెండూ అటు లాగాయి. తెడ్డు భుజం మీదికి ఎత్తి పట్టుకుని, అది నా ముందు నుంచి వెళ్ళిపోతుంటే గోడదాకా చూస్తూ నిలబడ్డాను.

బాబాయి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగి, రొప్పుతూ నవ్వాడు. “చూశారా అన్నయ్యా? వదలడం కూడా వచ్చు దీనికి. ఈ ఇంట్లో ఆట వచ్చింది నాకు కాదండి.”

నాన్న చాలాసేపు నా వైపే చూశారు. “అయితే ఏం చేద్దామంటావు దాన్ని?” అన్నారు. కోపంగా అనలేదు. నిజంగానే అడిగారు. ఆ రోజుల్లో మా ఊళ్ళోనే కాదు, చుట్టుపక్కల ఎక్కడా, ఆడపిల్ల బ్యాటు పట్టుకుని నిలబడే చోటు ఒక్కటి కూడా లేదు. ఆ సంగతి నాన్నకి తెలుసు, బాబాయికి తెలుసు.

“ఏం చెయ్యక్కర్లేదండి. మీరు చూశారు. చాలు.”

ఆ మర్నాడే బాబాయి రావులపాలెం వెళ్ళిపోయాడు. గెలల మధ్యే జీవితమంతా గడిచింది. ఆ వ్యాపారంలో మంచి పేరు తెచ్చుకున్నాడు. మావయ్య కూతుర్నే చేసుకున్నాడు. నేను సెలవులకి వెళ్తే చక్రకేళీ పళ్ళు పెట్టి, ఊళ్ళో కబుర్లన్నీ అడిగేవాడు. ఆట సంగతి ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. కొన్నాళ్ళు గోడతో ఆడుకున్నాను. పరికిణీల నుంచి ఓణీల్లోకి వచ్చాక అదీ పోయింది. తెడ్డు ఎప్పుడు పోయిందో, ఎవరు పొయ్యిలో పెట్టారో కూడా నాకు తెలియదు.

చాలా ఏళ్ళకి నన్ను చూసుకోవడానికి పెళ్ళివారు వచ్చారు. మా ముందుగదిలో తుంగచాప మీద తల వంచుకుని కూర్చున్నాను. పెళ్ళికొడుకు మేనత్త ఒకావిడ, “అమ్మాయికి ఏమేం వచ్చండీ?” అని నాన్నని అడిగింది. ఇలాంటి ప్రశ్నలకి అమ్మ ముందే జవాబు తయారుచేసి పెట్టింది. నాన్న అదే చెప్పారు. వంటొచ్చు, కుట్టుపనొచ్చు, హిందీ పరీక్షలు మూడు పాసయింది. ఆగారు. ఎవరో కాఫీ గ్లాసు కింద పెట్టిన చప్పుడైంది.

“బ్యాటింగ్ కూడా బాగా చేస్తుందండి,” అన్నారు నాన్న.

వచ్చినవాళ్ళంతా ఒక్కసారిగా నవ్వారు. మాస్టారు భలే సరదా మనిషే అన్నారు. అమ్మ కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నేను ఒక్క క్షణం తలెత్తి చూశాను. నాన్న నవ్వడం లేదు.